కెంపుబోడులో అమ్మ గూడు

లిలువా,
జూన్ నెలాఖరు

చెల్లి మౌక్తికకు,

అన్న కొండయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం అని రాయబోయి ఆగాను. అమ్మకు రాయి ఎక్కుతోంది.

ఎప్పుడు మొదలైందో తెలియదు. కుచ్చెళ్ళు నేలకు తగిలేలా దించి కట్టుకుని మా ఎవరికీ కనపడనివ్వలేదు. మొన్న పొద్దున్న కుళాయి దగ్గర నుంచి బిందె తెస్తూ గడప మీద అడుగేస్తే ఠంగుమని చప్పుడైంది. బిందె పడిందనుకుని మీ వదిన పరిగెత్తింది. బిందె అమ్మ చంకలోనే ఉంది. చప్పుడు పాదానిది. కుచ్చెళ్ళు ఎత్తి చూస్తే రెండు పాదాలూ చీలమండల దాకా బూడిద రంగుకు తిరిగిపోయాయి. గోరుతో గీస్తే గీత పడలేదు.

"ఎప్పటినుంచమ్మా?" అన్నాను.

"ఏటి ఎప్పట్నుంచి? వొయిసొచ్చింది, ఎక్కుతాది. మీ నాన్నకి ఎక్కలేదేటి? మీ తాతకి ఎక్కలేదేటి? లోవోళ్ళకి సావంటే అదే కదరా. గుండెల దాకా వొచ్చీ లోపల నన్ను కెంపుబోడు తీసుకుపోయి నా గూట్లో పెట్టీ. అంతే, ఇంకేటీ అడగను" అంది. ఊరికి పోతున్నట్టు మొహం వెలిగిపోతోంది.

అరుంధతి పక్కనే ఉంది. "గూడు అంటే పక్షిగూడా నాన్నా?" అని అడిగింది. నాకు సిగ్గేసింది. కలకత్తా పక్కన ఈ రైలు కట్ట కింద ఇటుక కమానుల్లో పుట్టి పెరిగిన పిల్ల. బడిలో తనని బామన్ అంటారనీ, తెలుగులో మరుగుజ్జన్నా అదేననీ మాత్రం తెలుసు. మనల్ని మనం లోవాళ్ళం అని ఎందుకనుకుంటామో తెలియదు. నేను చెబితే ఎవరో దూరపు చుట్టం పేరు చెప్పినట్టుంటుంది. నువ్వు రాయి. చదివి వినిపిస్తాను.

ఫోను చేద్దామంటే కొండ లోపల నీకు అందదు. అందినా ఈ ఒక్క గదిలో అమ్మ వినకుండా ఏం మాట్లాడగలను? అందుకే ఉత్తరం.

ఇంకో సంగతి. నేను పాలిష్ పట్టే గోడౌనుకు కొత్త లోడు వచ్చింది. నీలం మీద కెంపు చుక్కల రాయి. దుమ్ము తుడిచి నాలుక ఆనించాను. మన వైపుదే అనిపించింది. మీకు దగ్గర్లో ఎక్కడైనా క్వారీ పడిందా? తప్పకుండా తెలియజేయి.

నీ అన్న,
కొండయ్య

*

కెంపుబోడు,
జూలై

అన్నయ్యకు, వదినకు నమస్కారాలు. అరుంధతికి మేనత్త ముద్దులు.

అమ్మ సంగతి చదివి పొయ్యి ముందు కూర్చుండిపోయాను. కూర మాడిపోయిందని మీ బావ సోములు వచ్చి చెబితే గానీ తెలియలేదు. వెన్నపూస రాయొద్దు అమ్మ కాళ్ళకి. బరువు తెలియకుండా ఉండాలంటే ఇసుక వేడి చేసి మూట కట్టి కాపడం పెట్టండి. మన అమ్మమ్మకు అలాగే చేశారు.

అరుంధతీ, కొండ లోపల బతికేవాళ్ళం కనుక మనం లోవాళ్ళం, బయట ఉండే పొడుగువాళ్ళు మీదివాళ్ళు. గూడు పక్షులది కాదు. మనది. మన పిల్లలకు గొంతు మారే వయసు వచ్చినప్పుడు పెద్దవాళ్ళు తూర్పు గోడ వెంట నడిపిస్తారు. చెంప ఆనించుకుంటూ పోవాలి. ఎక్కడ రాయి వెచ్చగా తగిలితే అక్కడ ఆగాలి. అది నీ చోటు. అక్కడ నీ ఒళ్ళు పట్టేంత గూడు నువ్వే తొలుచుకోవాలి. ఇంకొకరి ఉలి తగలకూడదు. ఏళ్ళు పడుతుంది. మన స్నేహాలూ తగాదాలూ పెళ్ళిళ్ళూ అన్నీ ఆ గోడ దగ్గరే. మీ నాన్నమ్మా తాతా పక్కపక్క గూళ్ళు తొలిచినవాళ్ళే.

రాయి గుండె దాకా ఎక్కినప్పుడు తీసుకెళ్ళి అందులో కూర్చోబెడతారు. ఆఖరి మాట ఎవరితోనూ కాదు, కొండతో చెప్పాలి. తర్వాత మనిషి రాయి, కొండ రాయి కలిసిపోతాయి. కొన్నేళ్ళకు గీత కూడా కనపడదు. సాయంత్రం గంజి తాగాక వెళ్ళి గోడ మీద తట్టి, ఆ రోజు కబుర్లు చెబుతాం. ఎవరికి పురుడొచ్చింది, ఎవరింట్లో పుట్టగొడుగులు బాగా పట్టాయి, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు. గోడ తిరిగి పలుకుతుంది. రాయి చల్లబడే చప్పుడని మీదివాళ్ళ బడి మాస్టారు అంటారు. మేమలా అనుకోం. మనకు శ్మశానాలు లేవమ్మా. పోయినవాళ్ళే మనకు గోడలు.

అన్నా, అమ్మ గూడు బాగానే ఉంది. కానీ ఇప్పుడు తీసుకురావద్దు. ఈసారి వానలు ముందే పట్టుకున్నాయి. దారి జారిపోతోంది. కార్తీకం పోయాక చూద్దాం. మీ బావకు కొండ కింద పని దొరికింది. ఇక్కడి విశేషాలు అంతే.

మౌక్తిక

*

లిలువా,
ఆగస్టు

చెల్లీ,

నీ ఉత్తరం చదువుతుంటే అమ్మ మధ్యలో ఆపింది. "పక్కపక్క గూళ్ళు అని రాసి ఊరుకుందేటి? అసలు మాట రాయలేదా?" అని అరుంధతిని దగ్గరికి లాక్కుని తనే చెప్పింది. "మీ తాత తొలుస్తా తొలుస్తా నా వొంక సూసుకుంటా ఉన్నాడు. సూసుకోక ఉలి అడ్డగోడ దాటీసి నా గూట్లోకి వొచ్చీసింది. సెయ్యంత కన్నం పడింది. పెద్దోళ్ళు సూసి, కన్నం పూడ్సడానికి లేదు, ఇద్దరికీ పెళ్ళి సేసీండి అన్నారు." అరుంధతి నవ్వీ నవ్వీ వెక్కిళ్ళు తెచ్చుకుంది. నాన్న ఆ కన్నం పక్కనే ఉన్నాడు కదా, తొమ్మిదేళ్ళుగా తన కోసం చూస్తూ ఉంటాడని అమ్మ లెక్క.

రాయి మోకాళ్ళు దాటింది. లేపాలంటే నలుగురం కావాలి. నువ్వు కార్తీకం అన్నావు గానీ అప్పటిదాకా ఆగేలా లేదు. వర్క్‌షాపులో పనిచేసే ఉమామహేశ్ గారని మన విజయనగరం వైపు మనిషి, మీదివాడైనా మంచివాడు, రైల్లో సామాన్లు వేసే బ్రేక్ వ్యానులో తీసుకెళ్ళే ఏర్పాటు చేస్తానన్నారు. నాన్నప్పుడూ ఆయనే చేశారు. ఇక్కడ పెట్టడానికి లేదని నీకు తెలుసు. ఈ ఊళ్ళో ఎంత తవ్వినా రాయి తగలదు. మోచేయి లోతుకే నీళ్ళు. తడి మట్టిలో మనం నిలవం.

దసరా పూజో సెలవులకు బయలుదేరతాం. దారి జారితే డోలీ కట్టిస్తాం. నువ్వు గూడు శుభ్రం చేసి దీపం పెట్టి ఉంచు.

గోడౌను రాయి సంగతి అడిగాను. నువ్వు రాయలేదు.

కొండయ్య

*

కెంపుబోడు,
సెప్టెంబరు

అన్నా,

అమ్మను తీసుకురావద్దు. అక్కడే ఉంచు. కారణం అడగొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

మౌక్తిక

*

లిలువా,
సెప్టెంబరు

మౌక్తికకు,

కారణం అడగనక్కర్లేదు. ఊహించుకోగలను. మీ అత్తగారికి చూపు ఆనక, చెయ్యి సాగక గూడు సగంలో ఆగిపోయిందని పెళ్ళినాడే విన్నాను. అమ్మ కలకత్తాలో ఉంది కదా, ఇక రాదు కదా అని ఆమె గూడు ఇచ్చేశావా? ఒకరి ఉలి పడ్డ చోట ఇంకొకరిని పెట్టే పద్ధతి కెంపుబోడులో ఎప్పటినుంచి వచ్చింది?

అమ్మ రోజూ అడుగుతోంది, మౌక్తికం ఏం రాసిందని. వానలని చెబుతున్నాను. "వానలైతే ఏటి? నాను రాయిని, కరిగిపోతానేటి?" అంటోంది. నీకు తల్లి మీద జాలి లేకపోతే లేదు. టిక్కెట్లు తీశాను. మేం వస్తున్నాం. నువ్వు గుమ్మంలో నిలబడి కాదంటావో, ఏం చేస్తావో చేసుకో.

కొండయ్య

*

కెంపుబోడు,
సెప్టెంబరు నెలాఖరు

అన్నా,

అమ్మ గూడు మా అత్తకు ఇచ్చేశానన్నావు. ఇవ్వడానికి గూడు ఉంటే కదా.

తూర్పు గోడ లేదు. మొన్నటి వేసవి నుంచి లేదు. నువ్వు వచ్చి నిలబడితే గోడ ఉన్నచోట ఆకాశం కనిపిస్తుంది.

ప్రసన్నకుమార్ అని క్వారీ కంపెనీ మేనేజరు వచ్చాడు. చెడ్డవాడిలా లేడు. మనకంటే ఎత్తు కనపడకూడదని నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. అంబలి ఇస్తే తాగాడు. "మీరుండేది పడమట వైపు కదండీ, తూర్పు పక్క ఎవరూ కాపురం లేరు కదా, అటు మాత్రమే కోస్తాం" అన్నాడు. మా మామగారు లేచి "ఖాళీ ఏటి బాబూ, మా వోళ్ళందరూ అక్కడే కదా ఉన్నారు" అన్నారు. ఆయన లైటు పట్టుకుని గోడంతా తిరిగాడు. "ఎక్కడున్నారు? చూపించండి, వదిలేస్తాను" అన్నాడు. ఏం చూపిస్తాం అన్నా? గీత కూడా లేని చోట ఏం చూపిస్తాం? అమ్మది లాంటి ఖాళీ గూళ్ళు కొన్ని ఉంటే వాటిని ఫోటో తీసుకుని, "వీటిలో ఎవరూ లేరు కదా" అన్నాడు.

తర్వాత మందుగుండు పెట్టి పేలుస్తామన్న కబురు వచ్చింది. పేలిస్తే అంతా పిండే. మీ బావ ఎవరికీ చెప్పకుండా కిందికి దిగి వెళ్ళాడు. "పేల్చకండి, పగులు లేని చోటు నేను చూపిస్తాను, రంపపు వైరుతో కోసుకోండి" అన్నాడు. మనవాళ్ళు ముక్కలవకుండా ఉంటారని. ఆ రోజు నుంచి వాళ్ళ పనిలో ఉన్నాడు. కొండలో ఆయనతో ఎవరూ మాట్లాడరు. నేను అన్నం పెడతాను, మాట్లాడలేను. ఆయన చేసింది తప్పని అనలేను, మేలని అనలేను.

నాన్న ఉన్న వరస కోసిన రోజు నేను అక్కడే నిలబడ్డాను. వైరు వేడెక్కకుండా నీళ్ళు పోస్తారు. ఎర్రగా కారాయి. కెంపుల పొడి అన్నారు. బండను గొలుసులతో లేపి లారీ మీద పెట్టారు. ఎక్కడికని అడిగాను. కలకత్తా పార్టీ అన్నాడు డ్రైవరు.

నువ్వు నాలుక ఆనించింది దేనికో నాకు నీ మొదటి ఉత్తరం చదివిన రోజే తెలుసు. ఎలా రాయమంటావు?

మౌక్తిక

*

లిలువా,
అక్టోబరు

చెల్లీ,

నీ ఉత్తరం గోడౌను వెనక కూర్చుని చదివాను. లేచి లోపలికి వెళ్ళాను. ఆ లోడులో ఒక్క పలక లేదు. అన్నీ నా చేతి మీదుగానే పాలిష్ పట్టి పంపాను. అద్దంలా వచ్చాయని సేఠ్ మిఠాయి కూడా పెట్టాడు. రాజార్‌హాట్‌లో కొత్త టవర్లు కట్టారు, వాటిలో ఒకదాని కింద లిఫ్టుల దగ్గర గోడలకు వేశారట.

అమ్మకు చెప్పకూడదనుకున్నాను. నా మొహం చూసి తనే అడిగింది. "గూడు పోయిందేటిరా?" తలూపాను. "మీ నాన్నో?" అంది. పలకలు ఏ గోడలకు వేశారో చెప్పాను. "ఈ ఊళ్ళోనే ఉన్నాడా? అయితే తీసుకుపో" అంది.

రాయి నడుము దాటింది. ఉమామహేశ్ గారు ఛోటా హాతీ బండి మాట్లాడారు. కుర్చీలో కూర్చోబెట్టి మోకులు కట్టి ఎక్కించాం. పూజో పందిళ్ళు విప్పుతున్నారు, దారంతా వెదురు. అక్కడి కాపలావాడు ఆపాడు. "ఎయ్ దాదా, ఎఖానే కీ?" అన్నాడు, ఇక్కడేం పనని. ఉమామహేశ్ గారు బెంగాలీలో ఏదో సర్ది చెప్పారు, ముసలావిడ, ఫ్లాటు చూసుకోవడానికొచ్చిందని. వాడు అమ్మను పైనుంచి కిందికి చూసి, పిల్లలను పలకరించినట్టు నవ్వి పోనిచ్చాడు.

గోడ దగ్గరికి జరిపాం. మన రాయే చెల్లీ. కెంపులు లైట్ల కింద తళతళమంటున్నాయి. అమ్మ కొంగుతో తుడిచి చెంప ఆనించింది. వేలి కణుపుతో తట్టింది. "ఇదిగో, నానొచ్చినాను" అంది.

లిఫ్టు వచ్చింది, పోయింది. ఒకమ్మాయి కుక్కపిల్లతో దిగి మమ్మల్ని తప్పించుకుని పక్కనుంచి వెళ్ళింది. అమ్మ చెవి తీయలేదు. చాలాసేపటికి, "ఈ పలక కాదేమో, ఆ పక్కది సూద్దాం" అంది. జరిపాం. మళ్ళీ తట్టింది. మళ్ళీ, "ఇదీ కాదు." అలా గోడలన్నీ తిప్పాం. ఉమామహేశ్ గారి చొక్కా చెమటతో తడిసిపోయింది.

చివరికి పలక అంచు మీద వేలు పెట్టి చూసింది. వెనకంతా సిమెంటు. "నా వేలి మందం నేదు కదరా. ఇందులో మనిషెక్కడుంటాడు?" అంది. "పోదాం పద."

మేం బండి ఎక్కుతుంటే కాపలావాడు గుడ్డ తెచ్చి, గోడ మీద పడ్డ అమ్మ చెంప మరక తుడుస్తున్నాడు.

నిన్ను అన్న మాటలు మరిచిపో. నువ్వు రాయలేనిది నేనూ రాయలేకపోయేవాణ్ణి.

కొండయ్య

*

కెంపుబోడు,
నవంబరు

అన్నా,

అమ్మ ఎలా ఉంది? అడగడానికే భయంగా ఉంది.

పడమట వైపు కూడా కోస్తారట. నోటీసు అంటించారు. కింద మైదానంలో మాకోసం రేకుల ఇళ్ళు కట్టి, అప్పుడే అందరినీ దించేశారు. తలుపు గడియలు మనకు అందవు, కర్రతో తీసుకోవాలి. పగలు రేకు కాగిపోతుంది. సాయంత్రాలు జనం బయటికొచ్చి నిలబడతారు. తట్టడానికి గోడ లేక, ఎవరికి వాళ్ళు చేతులు ముడుచుకుని నిలబడి, మళ్ళీ లోపలికి పోతారు. మామగారికి రాయి ఎక్కడం మొదలైంది. ఎక్కడ పెట్టాలో ఎవరూ మాట్లాడటం లేదు. అత్త రోజూ ఆయన కాళ్ళకు నూనె రాస్తోంది, రాస్తే ఆగుతుందన్నట్టు.

మీ బావ కంపెనీతో ఒరిస్సా వెళ్ళిపోయాడు. అక్కడింకో కొండ దొరికిందట. అందులోనూ లోవాళ్ళున్నారట. పగులు లేని చోటు చూపించడానికి వెళ్ళాడు. రమ్మన్నాడు. నేను వెళ్ళలేదు.

మౌక్తిక

*

లిలువా,
డిసెంబరు

చెల్లీ,

అమ్మ పోయింది. పది రోజులు దాటింది. రాయడానికి చెయ్యి రాలేదు.

రాయి గుండెల్లోకి వచ్చిన రోజు అందరం చుట్టూ కూర్చున్నాం. ఆఖరి మాట చెప్పించుకోవడానికి ఇక్కడ కొండ లేదు కదా, ఏం చెయ్యాలో మాకెవరికీ తెలియలేదు. గోడౌను నుంచి ఓ రాతి ముక్క తెచ్చి చేతికిద్దామనుకున్నాను. ఎందుకో ఇవ్వలేదు. అమ్మ కళ్ళు తెరిచి గుమ్మం వైపు చూసి, "గుంట ట్యూషన్ నుంచి వొచ్చీసిందేటి?" అంది. అరుంధతి పక్కనే ఉంది. "వచ్చాను నాన్నమ్మా" అంది. అమ్మ వింటున్నట్టే చూసింది. అంతలో గొంతు దాకా ఎక్కేసింది. అంతే.

కట్ట వెనక ఉమామహేశ్ గారు అడిగి ఇప్పించిన కాస్త చోటులో గొయ్యి తీశాం. నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. బకెట్లతో తోడి, అడుగున గోడౌను ముక్కలు పరిచి, టార్పాలిన్ వేసి కూర్చోబెట్టాం. సిమెంటు పోద్దామన్నారు కొందరు. నేను వద్దన్నాను. మొన్న వెళ్ళి ఒక పక్క మట్టి తీసి చూశాను. మోకాలు చేతికి తగిలింది. రాతిలోకి వేలు దిగింది. మళ్ళీ మట్టి కప్పి వచ్చేశాను. మీ వదినకు చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

నువ్వు అక్కడ ఒక్కదానివీ ఉండొద్దు. వచ్చేయి. మీ మామగారినీ అత్తనూ కూడా తీసుకొస్తానంటే తీసుకురా, కమానుల్లో ఇంకో గది ఖాళీ అవుతుందంటున్నారు. అమ్మ మంచం నీకు సరిపోతుంది.

పని గురించి దిగులు పెట్టుకోకు. మెటియాబ్రుజ్‌లో దర్జీల దగ్గర చొక్కాలకు బొత్తాలు కుట్టే పని ఉంది. మీ వదిన పూజో ముందు నుంచి వెళ్తోంది. చేతులు చిన్నవని మనవాళ్ళను అడిగి మరీ పెట్టుకుంటున్నారు. నీ పేరు చెప్పి ఉంచింది. మేడ మీద కిటికీల పక్కన కూర్చోబెడతారట. ఎండ తిన్నగా మొహాన పడుతుంది. మొదట్లో కళ్ళు మండి నీళ్ళు కారతాయట. నెల తిరిగేసరికి అలవాటవుతుందని చెప్పమంది.

నీ అన్న,
కొండయ్య